బేరి కొమ్మల చివర్లు నల్లబడి వంగుతున్నాయి, పక్కన హాథార్న్ ఆకుల మీద మచ్చలు: రెండూ ఒకటే తెగులా?

చిగురు
రెండు బేరి చెట్లు, వాటిని ఆనుకుని హాథార్న్ అనే ముళ్ల పొదల కంచె. పూత రాలిన కొద్ది రోజులకే బేరిలో కొన్ని పూగుత్తులు మాడినట్టు నల్లబడ్డాయి. ఇప్పుడు లేత కొమ్మల చివర్లు కూడా నల్లబడి కిందికి వంగుతున్నాయి. ఎండిన ఆకులు రాలకుండా కొమ్మకే వేలాడుతున్నాయి. ఇంకొన్ని ఆకుల మీద నారింజ రంగు గుండ్రటి మచ్చలున్నాయి. హాథార్న్‌లో కింది ఆకుల మీద చిన్న గోధుమరంగు మచ్చలు వచ్చి ఆకు పసుపుపచ్చగా మారి రాలుతోంది. అన్నిటికీ కలిపి ఒక్కసారి రాగి మందు కొడితే సరిపోతుందా?

కత్తెర
సరిపోదండీ. మీరు చెప్పినవి మూడు వేర్వేరు తెగుళ్లలా ఉన్నాయి. మూడింటికీ మందు వేరు, అదను వేరు. ముందు నల్లబడిన చివర్ల సంగతి తేల్చాలి, ఎందుకంటే అందులో ఒక్క వారం ఆలస్యమైనా కొమ్మ పోతుంది.

బేరిలో చివర్లు నల్లబడడానికి మామూలుగా మూడు కారణాలు.

మొదటిది ఫైర్ బ్లైట్. ఎర్వీనియా అమైలోవోరా అనే బాక్టీరియా వల్ల వస్తుంది. చివర కొక్కెంలా వంగుతుంది, ఆకులు నల్లగా మాడి రాలకుండా ఉంటాయి. తేమగా ఉన్న ఉదయం చూస్తే కాడల మీద, పిందెల మీద తేనె రంగు జిగురు బొట్లు కనబడతాయి. పచ్చి భాగానికీ మాడిన భాగానికీ మధ్య బెరడును కత్తితో పలచగా చెక్కితే లోపల ఎర్ర గోధుమ చారలు ఉంటాయి.

రెండోది సూడోమోనాస్ సిరింజే అనే బాక్టీరియా. చల్లటి తడి వాతావరణంలో, ముఖ్యంగా పూత మీద మంచు దెబ్బ తగిలాక వస్తుంది. పూలు నల్లబడతాయి గానీ జిగురు కారదు. సాధారణంగా పూగుత్తి మొదలు దగ్గరే ఆగిపోతుంది.

మూడోది తెగులే కాదు. జేనస్ కంప్రెసస్ అనే కొమ్మ రంపపు ఈగ లేత కొమ్మ చుట్టూ మెట్లమెట్లుగా సూది గుచ్చినట్టు గాట్లు పెట్టి లోపల గుడ్డు పెడుతుంది. గాట్లకు పైభాగం వాడి నల్లబడుతుంది. దూరం నుంచి చూస్తే అచ్చం ఫైర్ బ్లైట్ లాగే ఉంటుంది. వాడిన చోటు కింద వేలితో తడిమితే వరుసగా చుక్కల గాట్లు తగులుతాయి. దీనికి గాట్ల కింద ఒక అంగుళం వదిలి తుంచేస్తే చాలు.

జిగురు, చారలు, గాట్లు ఈ మూడూ చూసి చెప్పండి.

చిగురు
గాట్లు లేవు. పొద్దున రెండు కాడల మీద తేనె రంగు బొట్లు కనిపించాయి. బెరడు చెక్కితే ఎర్రటి చారలు ఉన్నాయి, మాడిన భాగం దాటి ఒక జానెడు కిందివరకూ.

కత్తెర
అయితే ఫైర్ బ్లైటే. చాలా దేశాల్లో ఇది కనిపిస్తే వ్యవసాయ శాఖకు తెలపాల్సిన తెగులు. ముందు మీ దగ్గర నిబంధన ఏమిటో కనుక్కోండి. ఆ తర్వాత కోత.

వాన లేని, ఆకులు పూర్తిగా ఆరిన రోజు చూసుకోండి. తడి మీద కోస్తే జిగురులోని బాక్టీరియాను మీరే చెట్టంతా పూసినట్టవుతుంది.

కంటికి కనబడే మాడు ఆగిన చోట కోయకూడదు. బాక్టీరియా దానికంటే కిందికి దిగి ఉంటుంది. మాడు ఆగిన చోటు నుంచి కనీసం 20–30 సెం.మీ. కిందికి, రెండేళ్లు లేదా అంతకు మించి వయసున్న చెక్కలో కోయండి. లేత చెక్కలో అది త్వరగా పాకుతుంది, ముదురు చెక్కలో నెమ్మదిస్తుంది. మీరు చెప్పిన చారలు జానెడు కిందివరకూ ఉన్నాయి కాబట్టి కొలత చారల చివర నుంచే తీసుకోండి.

ఇక ముఖ్యమైన సంగతి. ఎండాకాలంలో కొమ్మను దాని మెడ (పెద్ద కొమ్మకు కలిసే చోటి ఉబ్బు) దాకా నున్నగా కోయొద్దు. 10–12 సెం.మీ. మోడు వదలండి. కోసిన మొనలో చిన్న పుండు ఏర్పడినా అది ఆ మోడులోనే ఉంటుంది, పెద్ద కొమ్మలోకి దిగదు. ఆకు రాలాక, చెట్టు నిద్రలో ఉన్నప్పుడు ఆ మోడును మెడ దాకా కోసి తీసేయండి. మోళ్లకు కొంచెం రంగు పూసి ఉంచితే అప్పుడు వెతుక్కునే పని ఉండదు.

వరుస కూడా చూసుకోండి. ముందు మొదలుకు దగ్గరగా ఉన్న పిలకలు, తర్వాత పెద్ద కొమ్మలకు తగిలి ఉన్నవి, చివరగా చెట్టు అంచుల్లోవి. వేరుమూలం (అంటు కింద ఉండే, వేళ్లిచ్చే మొక్క) నుంచి వచ్చే పిలకలకు తెగులు సోకితే మొదలే కుళ్లి చెట్టు మొత్తం పోతుంది. కాండం మీద పుండు సగం చుట్టుకొలత దాటితే ఆ చెట్టును నిలబెట్టే ప్రయత్నం వద్దు. తీసేయడమే మిగతా చెట్లకు మేలు.

కోసిన కొమ్మలను చెట్టు కింద పడేయకుండా అదే రోజు కాల్చండి లేదా లోతుగా పాతిపెట్టండి.

మొలక
ప్రతి కోతకూ కత్తెరను స్పిరిట్‌లో ముంచాలంటారు కదా. వంద కోతలుంటే అది జరిగే పనేనా?

పాదు
ఇక్కడ అసలు పట్టించుకోవాల్సింది ఎక్కడ కోస్తున్నామన్నది. ఆరోగ్యంగా ఉన్న చెక్కలో, మాడుకు దూరంగా కోస్తే కత్తెరకు అంటేది తక్కువే. మాడు దగ్గరగా కోసి, ప్రతిసారీ స్పిరిట్‌లో ముంచినా తెగులు ఆగదు, ఎందుకంటే అది అప్పటికే కోత కింద ఉంది.

అయినా పెరిగే కాలంలో శుభ్రం చేయడం మానమని చెప్పను. 70 శాతం ఆల్కహాల్ చిన్న స్ప్రే సీసాలో పోసుకుని, రెండు కత్తెరలు పెట్టుకుని, ఒకటి ఆరేలోపు ఇంకోదాన్ని వాడితే పని ఆగదు. బ్లీచ్ వాడేవాళ్లు ఒక భాగం బ్లీచ్‌కు తొమ్మిది భాగాల నీళ్లు కలుపుతారు. అది ఇనుమును తినేస్తుంది కాబట్టి పని అయ్యాక కడిగి నూనె రాయాలి. కత్తెరకు జిగురు అంటుకుని ఉంటే ముందు గుడ్డతో తుడవాలి. జిగురు పొర కింద ఆల్కహాల్ పనిచేయదు.

శీతకాలం కోతలో, చెట్టు పూర్తి నిద్రలో ఉన్నప్పుడు, ప్రతి కోతకూ ముంచక్కర్లేదు.

కత్తెర
పాదు గారి మాటతో ఏకీభవిస్తాను, ఒక్క షరతు మీద. పొరపాటున చారలున్న చెక్కలోంచి కత్తెర పోయిందని తెలిస్తే అక్కడికక్కడే శుభ్రం చేయాలి. కోసిన మొనను ప్రతిసారీ చూసుకోండి. చెక్క తెల్లగా, బెరడు కింద పచ్చగా ఉంటే సరే. గోధుమ రంగు కనబడితే ఇంకా కిందికి వెళ్లాలి.

తేనెపట్టు
పూత సమయం గురించి ఎవరూ చెప్పలేదు. ఈ తెగులుకు ప్రధాన ద్వారం పువ్వే. పుండ్ల నుంచి కారిన జిగురును ఈగలు, వాన చినుకులు పూల మీదికి చేరుస్తాయి. ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు తేనెటీగలు మోస్తాయి. తేనెటీగలు దీన్ని మోస్తాయని మెర్టన్ వెయిట్ 1890లలోనే చూపించారు. బాక్టీరియా మొక్కలకు తెగులు తెస్తుందని మొదట రుజువైంది కూడా ఈ తెగులు మీదే. ఇల్లినాయ్‌లో థామస్ బర్రిల్ 1880 ప్రాంతంలో చేసిన పని అది. అమెరికాలో హడ్సన్ లోయలో 18వ శతాబ్దం చివర మొదట గమనించిన ఈ తెగులు 1957లో ఇంగ్లండ్‌లో కనబడింది. అక్కడి నుంచి యూరప్‌లో హాథార్న్ కంచెలే దానికి పెద్ద ఆశ్రయం అయ్యాయి.

పువ్వుకు సోకాలంటే నాలుగు కలిసిరావాలి. పువ్వు విచ్చుకుని ఉండాలి. పూత మొదలైనప్పటి నుంచి 18.3 డిగ్రీల సెల్సియస్ పైన ఉన్న వేడి, డిగ్రీ-గంటల్లో (ఒక్కో గంటకు ఆ హద్దు పైన ఎన్ని డిగ్రీలుందో అన్నీ కలిపి) కూడితే సుమారు 110 దాటాలి. అప్పుడు కొంచెం వాన గానీ, పూలు తడిసేంత మంచు బిందువులు గానీ పడాలి. ఆ రోజు సగటు ఉష్ణోగ్రత 15.6 డిగ్రీలకు తగ్గకూడదు. ఈ నాలుగింటిలో ఒకటి లేకపోయినా ముప్పు బాగా తగ్గుతుంది. పూత కాలమంతా చల్లగా ఉంటే ఏ మందూ కొట్టకపోయినా తెగులు కనబడకపోవడానికి కారణం ఇదే.

అసలు పూత అయిపోయాక అక్కడక్కడా ఆలస్యంగా విచ్చే పూలుంటాయి. అప్పటికి వాతావరణం వేడెక్కి ఉంటుంది. అవి కొద్దిగానే ఉన్నా వాటి ద్వారానే ఎక్కువ సోకుతుంది. చిన్న చెట్లయితే వాటిని చేత్తో తుంచేయడం మంచిది. హాథార్న్ కూడా బేరి తర్వాతే పూస్తుంది. కంచెను పూయకుండా ఏటా కత్తిరిస్తే బేరికి పక్కనుంచి వచ్చే ముప్పు తగ్గుతుంది. కాకపోతే ఆ కత్తిరింపు పొడి వాతావరణంలో జరగాలి. కొత్తగా నాటేవాళ్లు కోటోనియాస్టర్, పైరకాంథా, క్విన్స్, సార్బస్ కూడా ఇదే తెగులుకు లోనవుతాయని గుర్తుంచుకోవాలి.

మొలక
మరి యాంటీబయాటిక్?

తేనెపట్టు
స్ట్రెప్టోమైసిన్ ఉంది. లీటరుకు 0.1 గ్రా. అసలు మందు వచ్చేలా, అంటే పది లక్షలకు వంద పాళ్ల గాఢతలో, పూత మీద మాత్రమే. తడి పడడానికి ఒక రోజు ముందు గానీ, తడిసిన ఒక రోజులోపు గానీ కొడితేనే ఫలితం. కొట్టిన తర్వాత విచ్చిన పువ్వుకు రక్షణ ఉండదు కాబట్టి పూత సాగుతుంటే మూడు నాలుగు రోజులకు మళ్లీ కొట్టాలి. కొన్ని దేశాల్లో దీనికి అనుమతి లేదు. కాలిఫోర్నియా బేరి తోటల్లో 1970ల మొదట్లోనే దీన్ని తట్టుకునే బాక్టీరియా వచ్చేసింది. అందుకే చివర్లు నల్లబడ్డాక ఎండాకాలంలో ఇది కొట్టడం పూర్తిగా తప్పు. లోపలున్న బాక్టీరియాకు తగలదు, తట్టుకునే రకాలను మాత్రం పెంచుతుంది.

ఆరియోబేసిడియం పులులాన్స్ అనే ఈస్టు లాంటి శిలీంధ్రంతో చేసిన జీవ మందు కూడా పూత మీద కొడతారు. అది పువ్వు లోపల చోటు ఆక్రమించి బాక్టీరియాను పెరగనివ్వదు. దానితో పాటు శిలీంధ్ర నాశినులు కొడితే అదే చచ్చిపోతుంది, జాగ్రత్త.

పాదు
రాగి మందుకు అదను ఎప్పుడంటే, మొగ్గ ఉబ్బి పచ్చ మొన కనబడే వేళ. అప్పుడు పుండ్ల అంచుల నుంచి బయటికొచ్చే బాక్టీరియాను తగ్గిస్తుంది. కాపర్ ఆక్సీక్లోరైడ్ 50 శాతం పొడి అయితే లీటరుకు 3 గ్రా. బోర్డో మిశ్రమం ఒక శాతం అయితే 10 లీటర్లకు 100 గ్రా. మైలతుత్తం, 100 గ్రా. సున్నం. రెండింటినీ వేర్వేరు ప్లాస్టిక్ బకెట్లలో కరిగించి, తుత్తం నీళ్లను సున్నం నీళ్లలో కలుపుతూ పోయాలి. మెరిసే ఇనుప మేకును ముంచి చూడండి. ఎర్రటి పూత పడితే ఇంకొంచెం సున్నం కావాలి. కలిపిన రోజే వాడేయాలి. పిందె కట్టాక రాగి కొడితే కాయ తొక్క గరుకుగా, తుప్పు రంగులోకి మారుతుంది.

ఎరువు సంగతి కూడా చెప్పాలి. నత్రజని ఎక్కువైతే లేత కొమ్మలు విపరీతంగా వస్తాయి, ఫైర్ బ్లైట్‌కు కావాల్సింది అదే. ఈ ఏడాది తెగులు ఉన్న చెట్టుకు యూరియా, పచ్చి పేడ ఆపేయండి. భారీ కత్తిరింపు కూడా ఇదే పని చేస్తుంది. ఒక శీతకాలంలో చెట్టు సగం కోసేస్తే మరుసటి వసంతంలో నీటి కొమ్మలు (నిటారుగా వేగంగా లేచే లేత రెమ్మలు) పుట్టుకొస్తాయి.

రకాల విషయానికొస్తే బార్ట్‌లెట్, బాస్క్ రెండూ ఈ తెగులుకు బాగా లొంగుతాయి. మాగ్నెస్, హారో స్వీట్, హారో డిలైట్ బాగా తట్టుకుంటాయి. కీఫర్, సెకెల్ మధ్యస్థం. తట్టుకోవడమంటే సోకదని కాదు, సోకినా కొమ్మ చివరే ఆగిపోతుందని.

ఆకుమచ్చ
ఇప్పుడు నారింజ మచ్చలు. అది బేరి తుప్పు తెగులు, జిమ్నోస్పొరాంజియం సబీనే అనే శిలీంధ్రం. దీనికి ఒక ఏడాది గడవడానికి రెండు చెట్లు కావాలి. శీతకాలం జూనిపర్ అనే, ఏడాదంతా పచ్చగా ఉండే పొద కొమ్మల్లో గడుపుతుంది. వసంతంలో వాన పడగానే ఆ కొమ్మల ఉబ్బుల మీద నారింజ రంగు జెల్లీ లాంటి ముద్దలు పైకి వస్తాయి. వాటి నుంచి గాలికి లేచిన బీజాలు బేరి లేత ఆకుల మీద పడతాయి. రెండు మూడు వారాలకు పై వైపు నారింజ మచ్చ, మధ్యలో నల్ల చుక్కలు. వేసవి చివరికి అదే మచ్చ అడుగున గోధుమరంగు బుడిపె లేచి, సన్నని జాలీలా చీలి బీజాలను వదులుతుంది. అవి జూనిపర్‌కు పోతాయి. బేరి ఆకు నుంచి ఇంకో బేరి ఆకుకు ఇది సోకదు.

దీన్నిబట్టి చేయాల్సింది తేలికగా తెలుస్తుంది. మచ్చ కనబడ్డాక మందు కొట్టడం దండగ, ఈ ఏడాది సోకాల్సింది సోకేసింది. మందు కొట్టాలంటే మొగ్గ పగిలినప్పటి నుంచి, పూత తర్వాత కొన్ని వారాల దాకా, వానలకు ముందు. మైక్లోబుటానిల్ లాంటి శిలీంధ్ర నాశినులు లేబుల్ మీద ఉన్న మోతాదులో పనిచేస్తాయి. కొద్ది మచ్చలతో చెట్టుకు నష్టం పెద్దగా లేదు. ఆకుల్లో సగానికి పైగా మచ్చలుండి, ముందే రాలిపోతుంటే పట్టించుకోవాలి.

దగ్గర్లో జూనిపర్ ఉందా?

చిగురు
ఉంది. నేల మీద పాకే రకం, బేరికి పాతిక అడుగుల దూరంలో. పొద్దున చూస్తే రెండు కొమ్మలు మధ్యలో ఉబ్బి ఉన్నాయి. జెల్లీ లేదు.

ఆకుమచ్చ
జెల్లీ కాలం అయిపోయింది, ఎండి రాలిపోయి ఉంటుంది. ఆ ఉబ్బులున్న కొమ్మలను ఉబ్బుకు కింద ఒక జానెడు వదిలి కోసేయండి. శిలీంధ్రం ఆ కొమ్మలో ఏళ్ల తరబడి బతికి ఏటా బీజాలు వదులుతుంది. వచ్చే వసంతంలో మొదటి వెచ్చటి వాన తర్వాత మరోసారి పరీక్షించండి, మిగిలినవి జెల్లీతో దొరికిపోతాయి. చుట్టుపక్కల వేరేచోట్ల జూనిపర్లుంటే బీజాలు కొన్ని వందల మీటర్ల దూరం నుంచీ వస్తాయి కాబట్టి మీ చెట్టు కోసినంత మాత్రాన పూర్తిగా పోదు. కానీ పాతిక అడుగుల్లో ఉన్నదాని వల్ల వచ్చే బీజాల తాకిడి మాత్రం తగ్గుతుంది.

హాథార్న్‌కు వేరే తుప్పులు వస్తాయి. ఉత్తర అమెరికాలో జి. (జిమ్నోస్పొరాంజియం) గ్లోబోసమ్ ఆకులకు, జి. క్లావిపెస్ కాయలకు, లేత కొమ్మలకు. రెండోది సోకిన కాయల మీద తెల్లటి గొట్టాలు బయటికి పొడుచుకొచ్చి నారింజ పొడి రాలుతుంది. క్విన్స్ కాయలను పాడుచేసేదీ అదే.

మీ హాథార్న్ మచ్చలు మాత్రం తుప్పు కావు. గోధుమరంగు చిన్న మచ్చలు, కింద నుంచి పైకి, ఆకు పసుపై రాలడం. భూతద్దంతో చూడండి, మచ్చ మధ్యలో నల్లటి చిన్న బుడిపె ఉంటే అది డిప్లోకార్పాన్ మెస్పిలి. పాత పేరు ఎంటొమోస్పోరియం. ఇదే శిలీంధ్రం బేరికి, క్విన్స్‌కు కూడా సోకుతుంది. తడి వేసవిలో పాల్స్ స్కార్లెట్ రకం ఆకులన్నీ రాల్చేస్తుంది. క్రిమ్సన్ క్లౌడ్ రకం తట్టుకుంటుంది.

రాలిన ఆకులను ఊడ్చి తీసేయడం అవసరం, కానీ చాలదు. లేత కొమ్మల పుండ్లలో కూడా ఇది నిలుస్తుంది. వచ్చే ఏడాది ఆకు విచ్చేటప్పుడు మొదలుపెట్టి 10–14 రోజుల తేడాతో మూడు సార్లు మాంకోజెబ్ అనే శిలీంధ్ర నాశిని లీటరుకు 2–2.5 గ్రా. కొట్టండి. పైనుంచి తుంపరలతో నీళ్లు పెట్టే అలవాటుంటే మాని మొదట్లోనే పోయండి.

మొలక
బేరి కాయల మీద నల్లటి మఖమల్ లాంటి మచ్చలు కూడా వస్తాయి కదా, అవి ఆపిల్ చెట్టు నుంచి అంటుకుంటాయా?

ఆకుమచ్చ
అవి స్కాబ్. ఆపిల్‌కు వచ్చేది వెంచూరియా ఇనీక్వాలిస్, బేరికి వచ్చేది వెంచూరియా పిరినా, ఆసియా బేరికి వెంచూరియా నాషికోలా. ఆపిల్ స్కాబ్ బేరికి అంటదు, బేరిది ఆపిల్‌కు అంటదు. తేడా ఇంకొకటుంది. బేరి స్కాబ్ లేత కొమ్మల బెరడులో కూడా శీతకాలం గడుపుతుంది. అందుకే ఆపిల్‌లో బాగా ఫలితమిచ్చే ఆకుల ఊడ్పు బేరిలో సగమే పనిచేస్తుంది. బెరడు పగిలి పొక్కులు కట్టిన కొమ్మలను శీతకాలంలో కోసేయాలి. ఆకు రాలే సమయంలో లీటరుకు 50 గ్రా. యూరియా కలిపి ఆకుల మీద, రాలిన ఆకుల మీద కొడితే అవి త్వరగా కుళ్లి బీజాలు తగ్గుతాయి. కాకపోతే పాదు గారు చెప్పినట్టు ఫైర్ బ్లైట్ ఉన్న చెట్టు మీద ఆకులకు కొట్టకుండా, నేల మీద రాలిన వాటికే కొట్టండి.

పురుగుకన్ను
పురుగుల వైపు కూడా ఒకసారి చూద్దాం. బేరిలో అన్నిటికంటే మొండిది సిల్లా. అమెరికాలో కాకోప్సిల్లా పిరికోలా, యూరప్‌లో ఎక్కువగా కాకోప్సిల్లా పిరి. పెద్ద పురుగు 2–3 మి.మీ. ఉంటుంది, చిన్న ఈలపురుగులా గెంతుతుంది. పిల్ల పురుగు తన చుట్టూ తీపి జిగురు బొట్టు కట్టుకుని అందులోనే కూర్చుంటుంది. ఆ జిగురు ఆకుల మీద, కాయల మీద కారి మసి తెగులు పడుతుంది.

చాలామంది చేసే పొరపాటు, జిగురు చూసి సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందు కొట్టడం. బొట్టు లోపలి పిల్లకు అది సరిగా తగలదు. దాన్ని తినే ఆంథోకోరిడ్ నల్లులు, చెవిపురుగులు మాత్రం చచ్చిపోతాయి. నెలలోపే సిల్లా రెట్టింపై వస్తుంది.

దీన్ని దెబ్బతీయాల్సింది మొగ్గ పగలకముందు. పెద్ద పురుగులు శీతకాలం గడిపి, తొలి వెచ్చటి రోజుల్లో పొట్టి కాపు కొమ్మల మీద పసుపు గుడ్లు పెడతాయి. అప్పుడు తోట నూనె 2 శాతం, అంటే లీటరుకు 20 మి.లీ., కొమ్మలన్నీ తడిసేలా కొడితే గుడ్లు పెట్టడం వాయిదా పడుతుంది. ఆ తర్వాత కయోలిన్ మట్టి లీటరుకు 30–60 గ్రా. చొప్పున తెల్లటి పొర పడేలా కొడితే అవి ఆ కొమ్మ మీద దిగవు. వానకు కొట్టుకుపోతే మళ్లీ కొట్టాలి. వేసవిలో చెట్టు లోపల లేచే నీటి కొమ్మలను చేత్తో లాగి పీకేయండి. సిల్లాకు లేత ఆకు కావాలి, అది దొరకకుండా చేయడమే సగం పని.

సిల్లాను తేలికగా తీసుకోకూడదు. అది బేరి క్షీణత అనే తెగులును తెచ్చే ఫైటోప్లాస్మాను (బాక్టీరియా లాంటి సూక్ష్మజీవిని) మోస్తుంది. సోకిన చెట్టు ఆకులు చిన్నవై, శరదృతువు రాకముందే ఎర్రబడతాయి. ఆసియా బేరి వేరుమూలం మీద కట్టిన అంట్లు కొన్ని వారాల్లోనే కూలిపోగలవు. అంటు కట్టిన చోట బెరడు లోపల గోధుమ గీత కనబడుతుంది. శీతకాలంలో ఆ జీవి పై కొమ్మల్లో నశించి వేళ్లలో బతుకుతుంది, వసంతంలో మళ్లీ పైకెక్కుతుంది. అందుకే కొమ్మ కోసి దీన్ని వదిలించుకోలేం.

మొలక
ఆకుల మీద నల్లటి జలగల్లాంటివి పాకుతూ పైపొర గీరి తింటున్నాయి. బీటీ (బాక్టీరియాతో చేసిన పురుగుమందు) కొట్టాను, ఏమీ కాలేదు.

పురుగుకన్ను
అది బేరి జలగ పురుగు, కాలిరోవా సెరాసి. రంపపు ఈగ పిల్ల అది, సీతాకోక జాతి గొంగళి కాదు. బీటీ కుర్‌స్టాకీ సీతాకోక, చిమ్మెటల గొంగళ్ల మీదే పనిచేస్తుంది, దీనికి ఏమీ చేయదు. బేరి, చెర్రీ, హాథార్న్, క్విన్స్ అన్నిటినీ తింటుంది. ఏటా రెండు తరాలు వస్తాయి, రెండోదే ఎక్కువ నష్టం. ఒంటి మీది జిగురే దాని కవచం. పొడి బూడిద చల్లితే ఆ జిగురు ఎండిపోయి చస్తుంది. లేదా గట్టిగా నీళ్ల ధార కొడితే కింద పడి తిరిగి ఎక్కలేదు. ఎక్కువగా ఉంటే స్పైనోసాడ్ అనే పురుగుమందు, తేనెటీగలు తిరగని సాయంత్రం పూట.

ఇంకో రెండు గుర్తుపట్టాల్సినవి. బేరి ఆకుల మీద వసంతంలో లేత ఆకుపచ్చ, గులాబీ రంగు బొబ్బలు లేచి తర్వాత నల్లబడితే అది బొబ్బ నల్లి, ఎరియోఫియస్ పిరి. పొడవు 0.2 మి.మీ. మాత్రమే, మామూలు కంటికి కనబడదు. దీన్ని తుప్పుగా పొరబడతారు. తుప్పు మచ్చ నారింజ, మధ్యలో నల్ల చుక్కలు. బొబ్బ ఉబ్బి ఉంటుంది, చుక్కలు ఉండవు. నల్లి వేసవి చివరికే మొగ్గల పొలుసుల కిందికి దూరిపోతుంది. బొబ్బ లోపల ఉన్నప్పుడు మందు అందదు కాబట్టి ఆకు రాలేటప్పుడు, మళ్లీ మొగ్గ ఉబ్బేముందు గంధకం కొట్టాలి. కొద్ది ఆకులే అయితే తుంచేయడం చాలు.

పిందెలు పక్క పిందెల కంటే త్వరగా ఉబ్బి, గుండ్రంగా అయి, నల్లబడి రాలుతుంటే బేరి పిందె ఈగ, కాంటారినియా పిరివోరా. కోసి చూస్తే లోపల తెల్లటి చిన్న పురుగులు. ఏటా ఒకే తరం. పిందెలు చెట్టు మీద ఉండగానే ఏరి నాశనం చేయండి. రాలాక ఏరితే అప్పటికే పురుగులు నేలలోకి దిగిపోయి ఉంటాయి.

పాదు
పెద్ద కాయలను తొలిచేది కాడ్లింగ్ చిమ్మెట, సిడియా పొమోనెల్లా. కాయ అడుగు గుంట నుంచి దూరి గింజ దాకా పోతుంది, రంధ్రం దగ్గర గోధుమరంగు రెట్ట పోగు పడుతుంది. లింగాకర్షక బుట్టలో మొదటి మగ చిమ్మెటలు వరుసగా పడిన రోజును గుర్తుపెట్టుకోండి. అక్కడి నుంచి రోజూ గరిష్ట, కనిష్ట ఉష్ణోగ్రతల సగటు నుంచి 10 తీసేసి కూడుతూ పోండి. మొత్తం సుమారు 140 చేరేసరికి గుడ్లు పొదుగుతాయి. మందు గానీ, ఈ పురుగును చంపే గ్రాన్యులోసిస్ వైరస్ గానీ ఆ సమయానికే కాయ మీద ఉండాలి. పురుగు కాయలోకి దూరాక ఏదీ పనిచేయదు. బుట్ట పురుగును ఆపదు, అదను మాత్రమే చెబుతుంది.

రెండు చెట్లకైతే కాయ గోలీ సైజు దాటగానే సంచులు కట్టడమే ఉత్తమం. కాండానికి 10 సెం.మీ. వెడల్పు గాడుల అట్టను గాడులు లోపలికి ఉండేలా చుట్టి, మూడు నాలుగు వారాలకోసారి తీసి కాల్చి కొత్తది కట్టండి. అట్ట కట్టి మరిచిపోతే పురుగులకు మీరే ఇల్లు కట్టినట్టవుతుంది.

హాథార్న్ కాయలో తెల్ల పురుగులుంటే అది వేరు. ఉత్తర అమెరికాలో రాగోలెటిస్ పొమోనెల్లా అనే ఈగకు హాథార్నే అసలు ఇల్లు. 19వ శతాబ్దం మధ్యలో ఆపిల్‌కు మారింది. ఆపిల్ తోట పక్కన హాథార్న్ ఉంటే రాలిన హాథార్న్ కాయలను కూడా ఏరాలి. జిగురు పూసిన ఎర్ర బంతులు వేసవి మధ్యలో వేలాడదీస్తే ఆడ ఈగలు వాటిని కాయలనుకుని వాలతాయి.

మొలక
నూనె, గంధకం రెండూ చెప్పారు. కలిపి కొట్టొచ్చా?

పాదు
ఆకులున్న చెట్టు మీద వద్దు. రెండింటి మధ్య కనీసం రెండు వారాల ఎడం ఉండాలి, లేకపోతే ఆకు మాడుతుంది. ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటేలా ఉంటే రెండూ కొట్టొద్దు. ఆంజూ బేరి గంధకాన్ని తట్టుకోలేదు, దాని మీద పూర్తిగా మానండి.

చిగురు
కోత మొదలుపెట్టాను. రెండో చెట్టు కాండం మీద పుండు సగం కంటే ఎక్కువే చుట్టింది, అది తీసేయాలి. అదే గుంతలో ఇంకో బేరి పెడితే ఫైర్ బ్లైట్ మట్టి నుంచి వస్తుందా?

కత్తెర
మట్టి నుంచి రాదు. ఆ బాక్టీరియా నేలలో ఎక్కువ కాలం నిలవదు, బతికున్న పుండ్లలోనే నిలుస్తుంది. మొదలు, పిలకలు వచ్చే పెద్ద వేళ్లు తీసేయండి, మళ్లీ పిలక లేస్తే దానికీ సోకుతుంది. అదే గుంతలో అదే కుటుంబపు చెట్టు పెడితే ఇంకో ఇబ్బంది ఉంది. పాత వేళ్ల చుట్టూ పెరిగిన శిలీంధ్రాలు, నులిపురుగుల వల్ల కొత్త మొక్క ఏళ్ల తరబడి ఎదగక నిలిచిపోతుంది. వీలైతే రెండు మూడు మీటర్లు పక్కకు జరపండి. జరపలేకపోతే మీటరు వెడల్పు, రెండడుగుల లోతు మట్టి తీసి, బేరి, ఆపిల్, గులాబీ ఎప్పుడూ లేని చోటు మట్టితో నింపండి. అంటు కట్టిన చోటు నేలకు నాలుగు వేళ్ల పైన ఉండాలి. ఓల్డ్ హోమ్, ఫార్మింగ్‌డేల్ అనే బేరి రకాల సంకరం వేరుమూలం మీద కట్టిన మొక్క దొరికితే మొదలుకు ఫైర్ బ్లైట్ ముప్పు తక్కువ.

ఆకుమచ్చ
నాటేముందు ఆ జూనిపర్ ఉబ్బులు కోయడం మరవకండి. లేత మొక్కకు తుప్పు పడితే కొమ్మల మీద కూడా పుండ్లు కడుతుంది.